దిష్టిబొమ్మల రెండో శనివారం

నమోదు 1. జూలై 3, సోమవారం

కాగితం మీద రాస్తున్నాను. ఆఫీసులో చూస్తే నవ్వుతారు, ఈ రోజుల్లో కాగితం ఏమిటి మేడమ్ అని. నవ్వనీ. నేనేం రాశానో పక్కవాళ్లకి చెప్పే అలవాటు కాగితానికి లేదు. ఫోన్లకి ఉంది. ఏ యాప్ ఎవరి గుట్టు ఎవరికి చేరవేస్తోందో కొలవడమే పదకొండేళ్లుగా నా ఉద్యోగం. తూనికలు కొలతల శాఖ, లీకుల విభాగం, నాలుగోకట్ట ఊరు. పేరు సత్యవేణి. రిటైర్మెంటుకి మూడేళ్లుంది. అనుమానం మనిషినని పేరు కూడా ఉంది. ఉద్యోగం వల్ల అనుమానం వచ్చిందో, అనుమానం వల్ల ఉద్యోగం వచ్చిందో ఇప్పుడు చెప్పలేను.

పొద్దున్న ఐదూ నలభైకి మా వీధి నీళ్ల వంతు. కొళాయి దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడగానే 'బిందె' యాప్ అడగడం మొదలుపెట్టింది. ఇంట్లో ఎంతమంది, ఇవాళ తలస్నానం ఎవరికి, ఒంట్లో బాగాలేనిది ఎవరికి, చుట్టాలెవరైనా దిగారా. అన్నిటికీ జవాబు చెబితేనే నీళ్లు. నా వెనక, మా మేడ మీద అద్దెకుంటున్న అరుణ రెండు ఖాళీ బిందెలతో నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయి. కూతురు లాస్యకి ఎనిమిది. ఉప్పుగాలి పడక ఆ పిల్లకి ఆయాసం. ఆకుపచ్చ మూత ఇన్‌హేలర్ ఒక్కటే దానికి పనిచేస్తుంది, అదేమో ఎక్కడపడితే అక్కడ దొరకదు. వాళ్లొచ్చి ఆర్నెల్లయింది. అరుణ గట్టిగా నవ్వడం నేనింతవరకూ వినలేదు.

అప్పుడే కట్ట మీద మైకు మోగింది. సముద్రం మూడో కట్ట దాటాక ఊళ్లకి ఊళ్లే లేచి ఇటొచ్చిపడ్డాయి, అందుకని ఇక్కడ సగం చిరునామాలు తప్పులతడక. ఎవరివో తెలియని పార్సిళ్ల పేర్లు ప్రతి సోమవారం మైకులో చదువుతారు.

"నూకరత్నం, కూతురు పైడితల్లి, నాలుగోకట్ట. పంపినవారు పోలిరాజు, పాతరేవు. ఎండుచేపల పొట్లం."

వెనక బిందె కిందపడి దొర్లుకుంటూ వీధి దాకా పోయింది. అరుణ దాని వెనక పోలేదు. మైకు వైపే చూస్తూ నిలబడిపోయింది. నేను బిందె తెచ్చిచ్చి, ఏమైందమ్మాయ్ అంటే, చెయ్యి జారిందక్కా అంది. ఆ మాట నేను నమ్మలేదు.

నమోదు 2. జూలై 5, బుధవారం

నమ్మకపోవడం మంచిదే అయింది. సాయంత్రం తనే కిందికి దిగి, తలుపు వేసి, గడియ పెట్టి, అప్పుడు చెప్పింది. అరుణ కాదు, నూకరత్నం. ఆ పిల్ల లాస్య కాదు, పైడితల్లి. పోలిరాజు మొగుడు. పక్కటెముక ఒకటి విరగ్గొట్టాడు, అది మానాక ఇంకోటి. రెండోసారి ఆస్పత్రి నుంచే పిల్లని తీసుకుని బస్సెక్కేసింది. పుట్టింటికి కూడా తెలియదు ఎక్కడుందో. అతనికి మాత్రం ఊరు తెలిసిపోయింది.

"అక్కా, ఆ యాప్ వద్దని నాను ముందే అన్నాను. ట్యాంకరు దగ్గర మోసుకుంటానన్నాను. మీరే పెట్టుకోమన్నారు" అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

నిజమే. ఆర్నెల్ల కిందట, ఆ పిల్ల ఎండలో ట్యాంకరు వరసలో ఆయాసపడుతుంటే చూడలేక నేనే కసిరాను. బిందె యాప్ మీద సున్నా చుక్కల ముద్ర ఉంది, కొట్టింది నేనే, నన్ను నమ్మవా అన్నాను. చుక్క అంటే మా శాఖ కొలత. ఒకరి గుట్టు ఒకటి ఒక బయటివాడికి చేరితే ఒక చుక్క. సున్నా అంటే ఏదీ ఎవరికీ చేరలేదని.

ఎలా కొలుస్తామంటే, మా ఆఫీసు అరల్లో నలభై రెండు ఫోన్లున్నాయి. ఒక్కో ఫోను ఒక్కో లేని మనిషిది. దిష్టిబొమ్మలంటాం. వాళ్లకి పేర్లున్నాయి, వయసులున్నాయి, జబ్బులున్నాయి. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా నేను సగం మందిని, నా కింద పనిచేసే సన్యాసిరావు సగం మందిని బతికిస్తాం. నీళ్లు అడగడం, మందులు తెప్పించడం, తలుపులు తియ్యడం, అన్నీ వాళ్ల తరఫున మేమే. ఒక్కొక్కరికీ లోకంలో ఇంకెవరికీ లేని ఆనవాలొకటి పెడతాం. ఏడో నంబరు మంగరాజుకి పనసతొన వాసన పడదు. మర్నాడు ఎవడైనా ఫోన్ చేసి, పనస పడనివాళ్లకి మా దగ్గర మందుందండీ అన్నాడనుకోండి, యాప్ కారినట్టే. పదకొండేళ్లలో బిందె ఒక్కసారి కూడా కారలేదు.

యాప్ కారకపోతే మనిషే కారి ఉండాలి. ఎవరో మనిషి చెప్పాడు.

నమోదు 3. జూలై 10, సోమవారం

ఇవాళ మైకులో మళ్లీ చదివారు, అదే పొట్లం, అవే పేర్లు. ఎవరూ తీసుకోలేదు. ఎండుచేపల వాసన పోస్టాఫీసు వీధంతా కొడుతోంది.

నా జాబితాలో నలుగురున్నారు. పోస్టమ్మాయి, బడి టీచరు, మందుల షాపు ఆయన, సన్యాసిరావు. ముగ్గురి మీద పెద్దగా ఏమీ దొరకలేదు. సన్యాసిరావు మీద దొరికింది. ఈ మనిషి రోజూ పదకొండింటికి ఒక ఫోన్ పట్టుకుని వరండా చివరకి పోయి, గోడవైపు తిరిగి గుసగుసలాడతాడు. పోయిన వారం, మేడమ్ మీ మేడ మీద ఎవరో ఆయాసం పిల్ల ఉందట కదా, ఎలా ఉంది అని అడిగాడు. నీకెందుకు అన్నాను. ఊరికే అన్నాడు. ఊరికే ఎవరూ ఏమీ అడగరు.

ఇవాళ స్తంభం చాటున నిలబడి విన్నాను. ముసలాయన గొంతుతో, ఆగి ఆగి మాట్లాడుతున్నాడు. అతని గొంతు కాదది. ఎవరితో మాట్లాడితే గొంతు మార్చుకోవాల్సి వస్తుందో మీరే చెప్పండి.

నమోదు 4. జూలై 24, సోమవారం

రెండో పార్సిలు వచ్చింది. మైకులో ఈసారి ఊరితో ఆగలేదు.

"నూకరత్నం, పైడితల్లి, నాలుగోకట్ట, నాగమల్లి వీధి. తొమ్మిదేళ్ల పిల్ల గౌను."

నాగమల్లి వీధి మాదే. పైడితల్లికి తొమ్మిదేళ్లు నిండేది వచ్చే నెలలో. మూడు వారాల్లో ఊరి నుంచి వీధికి వచ్చేశాడు.

పరుగున మేడ ఎక్కాను. నూకరత్నం బట్టలు మూట కడుతోంది. ఎక్కడికి పోతావు, ఆ మందు ఇంకెక్కడ దొరుకుతుంది అన్నాను. అది ఆలోచించే చేతులు ఆగినట్టున్నాయి. ఇక్కడొక తప్పు చేశాను, రాయక తప్పదు. నా బుద్ధి ఊరుకోక, "నువ్వే ఎవరికైనా ఫోన్ చేశావా? మీ అమ్మకో, చెల్లికో? నిజం చెప్పు" అన్నాను.

ఆవిడ నావైపు చూసిన చూపు మర్చిపోలేను. ఆయన కూడా ఇలాగే అడిగేవాడక్కా అంది. అంతే అంది. మూట విప్పి, బట్టలు ఒక్కొక్కటీ మళ్లీ దండెం మీద వేసింది. నేను మెట్లు దిగొచ్చేశాను. సిగ్గేసింది. చెప్పుతో కొట్టినా అంత నొప్పి ఉండదేమో.

నమోదు 5. జూలై 26, బుధవారం

సిగ్గుపడ్డంత మాత్రాన అనుమానం పోలేదు, సన్యాసిరావు మీదకి తిరిగింది. ఆఫీసు గదిలో అతనొక్కడే ఉన్న రోజులేవో తేల్చుకుందామని హాజరు పట్టీ తీశాను. దాని పక్కన దిష్టిబొమ్మల దినచర్య పుస్తకం పెట్టుకున్నాను. నేను లేని రోజుల్లో అతను ఆ ఫోన్లతో ఏం చేస్తున్నాడో పట్టుకోవాలని.

పట్టుకున్నాను. కానీ అతన్ని కాదు.

మూడేళ్ల కిందట నాకు పిత్తాశయం ఆపరేషనైంది, పన్నెండు రోజులు సెలవు. ఆ పన్నెండు రోజులూ నా ఇరవై ఒక్కమంది దిష్టిబొమ్మలు నీళ్లు తాగలేదు. స్నానాలు లేవు, తలుపు తీసినవాళ్లు లేరు. పదమూడో రోజు పదింబావుకి అందరూ లేచి వరసగా నీళ్లడిగారు. సన్యాసిరావు కూతురి పెళ్లికి వారం సెలవు పెడితే అతని ఇరవై ఒక్కమందికీ వారం ఉపవాసమే.

వెనక్కి తిప్పుకుంటూ పోయాను. నలభై రెండుమందిలో ఒక్కరూ ఆదివారం బతకలేదు. రెండో శనివారం బతకలేదు. పండక్కి ఇంట్లో పొయ్యి వెలిగించినవాళ్లు లేరు. రోజూ ఒంటిగంట నుంచి రెండింటి దాకా, మేం క్యారేజీలు విప్పుకునే వేళకి, నలభై రెండుమందీ మూగబోతారు. సాయంత్రం ఐదు దాటాక ఎవరికీ దాహం వెయ్యదు. పాలు తాగే బిడ్డ ఉన్న ఇరవయ్యో నంబరు తల్లి కూడా ఐదింటికి ఫోన్ కట్టేసి పడుకుంటుంది.

బిందెకి ఇది కనిపెట్టడం ఎంతసేపు? ఆదివారం నీళ్లడగనివాడు సర్కారు దిష్టిబొమ్మ, వాడి గుట్టు దాచు. అడిగేవాడు నిజం మనిషి, వాడిది అమ్ముకో. పదకొండేళ్లు మేం కొలిచింది యాప్‌ని కాదు, మా సెలవుల పట్టికని. ఆ కొలత చూసుకుని నేను రెండువందల పదహారు ముద్రలు కొట్టాను. అందులో ఒకటి చూపించి నూకరత్నం చేత జవాబులు చెప్పించాను.

ఊరు తెలియడానికి ఆకుపచ్చ మూత మందు చాలు. వీధి తెలియడానికి ఐదూ నలభై నీళ్ల వంతు చాలు. ఇల్లు తెలియడానికి ఇంకో నాలుగు జవాబులు చాలు.

నమోదు 6. ఆగస్టు 7, సోమవారం

అనుకున్నంతా అయింది. మైకు అక్కర్లేకుండానే మూడో కవరు నేరుగా గేటు దాకా వచ్చింది. నాగమల్లి వీధి, 31 నంబరు, మేడ మీద. లోపల మూడు బస్సు టికెట్లు. నాలుగోకట్ట నుంచి పాతరేవుకి, రెండు ఫుల్లు, ఒక హాఫ్. తేదీ సెప్టెంబరు 2. ఉత్తరం లేదు, ఒక్క ముక్క రాయలేదు.

నూకరత్నం వాటిని చింపలేదు. మడిచి బియ్యం డబ్బా కింద పెట్టింది. పోలీసులకి చెబుదామన్నాను. ఏమని చెబుతారక్కా, మొగుడు టికెట్లు పంపాడనా అంది.

పోయిన నెల 27 నుంచీ నేనొక పని చేస్తున్నాను, ఎవరికీ చెప్పలేదు. మా స్టోరు రూములో పాతబడి పట్టీలోంచి కొట్టేసిన దిష్టిబొమ్మ ఫోన్లు గుట్టగా పడున్నాయి. ఒకటి తెచ్చి ఇంట్లో పెట్టుకున్నాను. పేరు రమణమ్మ, అరవై ఏళ్లు, ఒంటరిది. ఆనవాలు, మునగాకు తింటే ఒళ్లంతా దద్దుర్లు. ఈవిణ్ణి మాత్రం మనిషిలా బతికిస్తున్నాను. ఆదివారాలు నీళ్లడుగుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి తలుపు తీస్తుంది. రాత్రి లేచి దాహమంటుంది.

నమోదు 7. ఆగస్టు 14, సోమవారం

మొన్న రెండో శనివారం రమణమ్మ చేత మూడుసార్లు నీళ్లు అడిగించాను. ఇవాళ పొద్దున్నే ఆవిడ ఫోన్ మోగింది. ఎవరో కుర్ర గొంతు, నమస్తే రమణమ్మ గారూ, మునగాకు దద్దుర్లకి మా దగ్గర లేపనం ఉందండీ అన్నాడు. సాయంత్రానికి ఇలాంటివి తొమ్మిదొచ్చాయి. తొమ్మిది చుక్కలు.

ఫోన్ పట్టుకుని మా కంట్రోలర్ జానీ బాషా గారి గదికి వెళ్లాను. నెమ్మదైన మనిషి, రూలు దాటడు. అంతా విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. సత్యవేణి గారూ, మీరు చెప్పేది నిజమే అనిపిస్తోంది, కానీ ఈ ఫోన్ పట్టీలో లేదు, ఆఫీసు అరలో లేదు, చట్టం ప్రకారం ఇది కొలత కాదు అన్నారు. పట్టీలో ఎక్కించి అరలో పెడితే మర్నాడే ఇది దిష్టిబొమ్మని బిందెకి తెలిసిపోతుంది కదా సార్ అన్నాను. ఆయన రూళ్ల పుస్తకం తీసి నా ముందు పెట్టారు.

మరేం చెయ్యాలి అంటే చదివి వినిపించారు. దెబ్బతిన్న మనిషెవరైనా తన సమాచారం బయటికి పోయిందని రుజువుతో, సంతకంతో ఫిర్యాదు ఇవ్వాలి. అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఫిర్యాదుదారు పేరూ చిరునామా నోటీసు బోర్డు మీద పెట్టాలి, అదీ రూలే. నూకరత్నం పేరు నేను బోర్డు మీద పెట్టనా?

గదిలోంచి వస్తుంటే గోడ మీది పాత బోర్డు కనపడింది. లీకుల చట్టం వచ్చిన కొత్తలో రాయించింది, దుమ్ము పట్టిపోయింది. 'ఇతరుల గుట్టు అమ్మినవారికీ, కొన్నవారికీ ఒకే శిక్ష.' పదకొండేళ్లుగా దాని కిందే టీ తాగుతున్నాను.

నమోదు 8. ఆగస్టు 16, బుధవారం

సన్యాసిరావుతో మాట్లాడక తప్పలేదు. ముందు నా అనుమానం సంగతి చెప్పేశాను, స్తంభం చాటున విన్నది కూడా. అతనికి కోపం వస్తుందనుకున్నాను. నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడ్డాడు. ఆ ముసలి గొంతు మంగరాజుదట. నీళ్ల కాల్‌సెంటరుకి రోజూ పదకొండింటికి మంగరాజు ఫోన్ చేస్తాడు, మరి ముసలాయన నా గొంతుతో మాట్లాడితే బాగుండదు కదా మేడమ్ అన్నాడు. వయసులో ఉండగా పరిషత్తు నాటకాల్లో ఆడవేషాలు వేసేవాడట. మా మేడ మీది పిల్ల గురించి ఎందుకు అడిగావంటే, తన చిన్నప్పుడు తనకీ అదే ఆయాసమట. అంతే సంగతి. నేనేమో నెల్లాళ్లు అతని వీపు వెనక నిలబడ్డాను.

మిగతాది అతని బుర్రలోంచే వచ్చింది. ఆ నాటక బృందం ఇప్పుడు పంతొమ్మిది ఊళ్లలో చెల్లాచెదురుగా ఉంది. స్టోరు రూములో చచ్చిన ఫోన్లు ఉండనే ఉన్నాయి. బిందె కారుతోందని మనకి తెలుసు. మరి మనకి కావలసిందే కారనిద్దాం అన్నాడు.

నిన్న పంద్రాగస్టు సెలవని ఆఫీసుకి తాళం. ఇవాళ ఇద్దరం పంతొమ్మిది ఫోన్లు బియ్యం సంచిలో కట్టి బస్సు పార్సిల్లో వేశాం. దొంగతనమేనా అంటే, దొంగతనమే. ఒప్పుకుంటున్నాను, అందుకే రాస్తున్నాను.

ఇక్కడ నూకరత్నం ఫోన్లో 'ఇల్లు ఖాళీ చేశాం' అని నొక్కించి కట్టేశాను. వాళ్ల నీళ్లు ఇకనుంచి నా కొళాయి నుంచే. ఫోన్లు చేరగానే పంతొమ్మిది ఊళ్లలో పంతొమ్మిది తల్లులూ కూతుళ్లూ కొత్తగా దిగుతారు. అందరికీ ఆకుపచ్చ మూత మందే కావాలి. అందరూ ఆదివారం కూడా బతుకుతారు. పండగలకి నీళ్లు ఎక్కువడుగుతారు. ఒక తల్లి పాత్ర మీసాలున్న పెద్దాయన వేస్తాడట, ఇవాళ ఫోన్‌లో ఆయన గొంతు వింటే నేనే నమ్మాను.

నూకరత్నానికి ఇదంతా చెప్పి, ఆ రోజు నేనడిగిన మాటకి క్షమించమన్నాను. అది మనసులో పెట్టుకోలేదక్కా అంది. పెట్టుకుంది. నాకు తెలుసు.

నమోదు 9. సెప్టెంబరు 2, శనివారం

పొద్దున్న తొమ్మిది నుంచి బస్టాండులో గొడుగేసుకుని కూర్చున్నాను. నూకరత్నం చూపించిన పెళ్లి ఫోటోలోని ముఖం కోసం దిగిన ప్రతి మగాణ్ణీ చూశాను. పల్లీలమ్మేవాడు నన్నే అనుమానంగా చూడ్డం మొదలుపెట్టాడు. పాతరేవు బస్సు మూడున్నరకి మూడు ఖాళీ సీట్లతో వెళ్లిపోయింది.

ఇంటికొచ్చేసరికి తల్లీకూతుళ్లు నా వంటింట్లో, కిటికీలు మూసుకుని, దీపం వెయ్యకుండా కూర్చునున్నారు. రాలేదు అన్నాను. ఇవాళ రాలేదు అంది నూకరత్నం.

నమోదు 10. సెప్టెంబరు 11, సోమవారం

అక్షరాలు కుదరకపోతే పోనీ, ఇది ఇవాళే రాయాలి.

పదకొండున్నరకి కౌంటరు ముందుకి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు. వినియోగదారుడిగా మోసపోయాను మేడమ్, ఫిర్యాదివ్వాలి అన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. ముఖం చూశాను. పెళ్లి ఫోటోలో కంటే కాస్త ఒళ్లు చేశాడు.

'ఆచూకీ' అని ఒక యాప్ ఉందట, తప్పిపోయినవాళ్లని వెతికిపెడుతుందట. ఇంట్లోంచి పోయిన భార్యనీ బిడ్డనీ వెతకమని డబ్బు కట్టాడట. మొదట్లో బాగానే చెప్పింది, ఊరు, వీధి, ఇల్లు. తీరా బయల్దేరే వేళకి ఇల్లు మారారంది. తర్వాత ఒక చిరునామా కాదు, పంతొమ్మిది ఇచ్చింది. ఏడు ఊళ్లు తిరిగాడట. ఒక ఊళ్లో తలుపు తీస్తే మీసాలాయన ఉన్నాడట.

నేను తల వంచుకుని రాస్తూనే ఉన్నాను. రుజువులున్నాయా అని అడిగాను. ఫైలు విప్పాడు. ఆచూకీ వాళ్లు పంపిన కాగితాలన్నీ వరసగా గుచ్చి పెట్టాడు. ప్రతి కాగితం కింద చిన్న అక్షరాల్లో ఉంది, 'సమాచారం: బిందె నీటి సేవ నుంచి'. మీ సున్నా చుక్కల ముద్ర ఉన్న యాప్ కదా మేడమ్, సమాచారం నికార్సుగా ఉంటుందని నమ్మాను అన్నాడు.

నా ముద్రని నమ్మినవాళ్లలో ఇతనూ ఉన్నాడు.

ఎలాగూ ఈ ఊరొచ్చాను కాబట్టి పాత ఇంటికి కూడా వెళ్లి అడిగొస్తాను అన్నాడు. నాగమల్లి వీధి, ఇంటావిడ పేరు సత్యవేణి అట. అప్పుడు గుర్తొచ్చింది, నా టేబుల్ మీద పేరు బోర్డు అతని మోచేతి పక్కనే ఉంది. హాజరు పట్టీ తీసి దాని మీద వేశాను. ముందు ఇక్కడ సంతకం పెట్టండి అన్నాను, ప్రతి పేజీ మీద. పేరు, ఊరు, ఎవరి గురించి కొన్నారు, ఎవరి దగ్గర కొన్నారు. పొందికగా, గుండ్రంగా, తొమ్మిది సంతకాలు పెట్టాడు.

కూర్చోండి, సార్ చూసి రసీదిస్తారు అని ఫైలు పట్టుకుని లోపలికెళ్లాను. బాషా గారు మొదటి పేజీ చదివారు, రెండోది చదివారు. ఆ నూకరత్నం ఎవరో ఆయనకి తెలుసు, అన్నీ చెప్పి ఉన్నాను. లేచి తలుపు దగ్గరికొచ్చి, గోడ మీది బోర్డు దుమ్ము జేబురుమాలుతో తుడిచారు. ఆ తర్వాత గేటు దగ్గరున్న కానిస్టేబుల్‌ని పిలిపించారు.

పోలిరాజు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇవన్నీ మీ సంతకాలేనా?" అని అడిగారు.

"నావేనండి. ఎందుకు?"

"ఆ బోర్డు చదవండి. అమ్మినవాళ్ల పేరు మీరే రాసిచ్చారు. కొన్నది మీరని కూడా మీరే రాసిచ్చారు."

అతను బోర్డు చదివాడు. మళ్లీ చదివాడు. మొదటిసారి గొంతు లేచింది, నా పెళ్లాన్ని నేను వెతుక్కుంటే నేరమా అన్నాడు. అప్పుడు నేను హాజరు పట్టీ తీసేసి నా పేరు బోర్డు నిలబెట్టాను. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు. ఆ చూపుకి నాకు భయం వేసింది, అబద్ధమెందుకు. కానిస్టేబుల్ అతని భుజం మీద చెయ్యి వేశాక గాని కుర్చీలో సరిగ్గా కూర్చోలేకపోయాను.

నమోదు 11. అక్టోబరు 14, రెండో శనివారం

ఆఫీసులోనే రాస్తున్నాను. సెలవు రోజే, అయినా గది తెరిచే ఉంది.

బిందె మీదున్న సున్నా చుక్కల ముద్ర రద్దు చేశాం. వీధి చివర ట్యాంకరు వరసలు మళ్లీ మొదలయ్యాయి, జనం నన్ను తిడుతున్నారు, తిట్టనీ. ఆచూకీ వాళ్లు ముగ్గురు లోపలున్నారు. పోలిరాజుకి బెయిలు రాలేదు, వచ్చినా ఈ జిల్లాలో అడుగు పెట్టకూడదు. నా రెండువందల పదహారు ముద్రలూ 'తప్పు కొలత' అని నా చేత్తోనే ఎర్రసిరాతో గీసి, ప్రతిదాని కిందా సంతకం చేశాను. నాలుగు రోజులు పట్టింది. ఫోన్లు తీసినందుకు మెమో ఇచ్చారు. ముద్ర వేసే అధికారం తీసేసి, దిష్టిబొమ్మల్ని బతికించే పని మాత్రం ఉంచారు. ఇకమీదట వాటికి సెలవుల్లేవు. ఈ ఆదివారం సన్యాసిరావు, ఇవాళ నేను.

ఒంటిగంటకి మంగరాజు నీళ్లడిగాడు. ఇరవయ్యో నంబరు తల్లి బిడ్డకి పాలు కాచుకుంది. నా క్యారేజీ విప్పలేదింకా.

అప్పుడు నూకరత్నం వచ్చింది, పిల్లని వెంటబెట్టుకుని. ఆఫీసు మెట్లెక్కడం ఇదే మొదటిసారి. ఫిర్యాదు ఫారం ఒకటి ఇమ్మంది. అతని కేసు అతని కాగితాల మీదే నడుస్తోంది కదా, నీ పేరు అవసరం లేదమ్మాయ్, బోర్డు మీద పెట్టాలి, ఆలోచించుకో అన్నాను.

"ఆయన కొన్నాడని ఆయన రాసినాడు. నా బతుకు అమ్మినారని నాను రాయొద్దా? రాయండక్కా" అంది.

కలం తీశాను. పేరు అన్నాను, రూలు ప్రకారం అడగాలి కాబట్టి. నూకరత్నం అంది. కూతురు పేరు అన్నాను. ఆవిడ నోరు తెరిచేలోగా పిల్ల టేబుల్ అంచు పట్టుకుని మునివేళ్ల మీద లేచి, పైడితల్లి, తొమ్మిదేళ్లు, నాగమల్లి వీధి, మేడ మీద అని గడగడా చెప్పేసింది. అడగనివి కూడా చెప్పింది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ఇది ఎన్ని చుక్కలో లెక్కేయబోయి ఆగిపోయాను. ఆ పిల్ల చెప్పినవన్నీ పూర్తిగా రాసుకున్నాను.